ఎర్ర స్విచ్చి

ఏమ్మోయ్, నిన్నే! హెల్మెట్టు పెట్టుకుని అద్దం ముందు మెడ అటూ ఇటూ తిప్పుకుంటున్నావే, నిన్నే పిలిచేది. రేపే కదా బండి టెస్టు? ముఖం చూస్తే ఎవరో నిన్ను తాళ్లతో కట్టి తీసుకుపోతున్నట్టుంది. కడుపులో తిప్పుతోందా? తిప్పనీ. ఎనిమిది అంకె వెయ్యాల్సింది నేల మీద, కడుపులో కాదు. ఇలా వచ్చి కూర్చో. ముందు ఆ హెల్మెట్టు తియ్యి తల్లీ, లేకపోతే నేను చెప్పేది సగం బయటే ఆగిపోతుంది. మూడుసార్లు టెస్టుకెళ్లిన ఒక బావ సంగతి చెప్తాను. మొదట్లో నవ్వుకో, చివర్లో నవ్వుకో. మధ్యలో మాత్రం నవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఆ బావ లిఫ్టు మెకానిక్కు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఊళ్లో ఏ లిఫ్టు ఏ అంతస్తులో మూలుగుతుందో, ఏది వానాకాలంలో మొరాయిస్తుందో, పొద్దున్నే కాఫీ తాగుతూ కళ్లు మూసుకుని చెప్పగలడు. ఎన్ని పనులు తెలిసినా ఒక్కటి మాత్రం రాదు: బండి. ఆ ఇరవై ఆరేళ్లూ బస్సుల్లో వేలాడుతూ, భుజానికి సామాన్ల సంచి తగిలించుకుని నెట్టుకొచ్చాడు.

ఈ మధ్యనే కంపెనీవాళ్లు కొత్త రూలు పెట్టారు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే అరగంటలో మెకానిక్కు అక్కడ ఉండాలట. బస్సుల లెక్క చెల్లదు. మనిషికో బండి కంపెనీయే ఇస్తుంది, లైసెన్సు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నెలాఖరులోగా తేనివాణ్ణి తిరిగే డ్యూటీలోంచి తీసేసి, కడుతున్న భవనాల్లో కొత్త లిఫ్టులు బిగించే పనికి పంపుతారు. అక్కడ రోజుకి పదిహేను అంతస్తులు ఇనప నిచ్చెన మీద ఎక్కాలి, దిగాలి. బావకి యాభై రెండేళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయి, కుర్చీలోంచి లేస్తే పాత తలుపు తెరిచినట్టు చప్పుడొస్తుంది. ఆ పనికి పంపడమంటే ఇంటికి పంపడమే. ఆ ముక్క కంపెనీకి తెలుసు, బావకి తెలుసు, బావ పెళ్లానికి ఇంకా బాగా తెలుసు.

బావ అప్పటికే రెండుసార్లు టెస్టుకెళ్లి రెండుసార్లూ ఎనిమిది దగ్గర కాలు కింద పెట్టేశాడు. కాలు నేలకి తగిలితే టెస్టు పోయినట్టే. మూడోసారి కూడా తప్పితే మూడు నెలల దాకా మళ్లీ రాకూడదని లైసెన్సు ఆఫీసు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

మూడో టెస్టు ఇంక పద్నాలుగు రోజులుందనగా బావ పెళ్లాం తన తమ్ముణ్ణి పిలిపించింది. ఆ తమ్ముడికి బండ్లు బాగుచేసే షాపుంది. వాడి అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు, అందరూ తుంటరి అనే పిలుస్తారు. ఊరికే రాలేదు ఆ పేరు. ఆదివారం పొద్దున బావ గడియారం గంట ముందుకి తిప్పి, సెలవు సంగతి మరిపించి, డ్యూటీకి పరిగెత్తించిన ఘనుడు. బావ సంచిలో స్పానర్లు తీసేసి, అదే బరువుకి రాళ్లు పెట్టి, తొమ్మిదో అంతస్తు దాకా మోయించిన మహానుభావుడు. ఏం చేసినా బావ "ఓహో" అనేవాడు. అంతే. తిట్టడు, కొట్టడు. ఇంత అమాయకుణ్ణి దేవుడు ఎలా తయారు చేశాడా అని తుంటరి అప్పుడప్పుడూ జాలి కూడా పడేవాడు.

"ఒరేయ్, ఇటు చూడు," అంది అక్క. వంటింటి గట్టు తుడుస్తూనే అంది, కానీ గొంతు మాత్రం తుడుస్తున్న గొంతు కాదు. "ఈ పద్నాలుగు రోజులు నీ కోతి చేష్టలు కట్టిపెట్టు. ఆయనకి బండి నేర్పు. ఈసారి గానీ ఆయన్ని నవ్వులపాలు చేశావో, ఈ గుమ్మం తొక్కకు."

"నేనేం చేశానే?"

"చెయ్యలేదు. చేస్తావని చెప్తున్నా."

అమ్మ పోయినప్పుడు తుంటరికి ఆరేళ్లు. అక్క చేతి అన్నం తినే పెరిగాడు. వాడు భయపడే మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ అప్పుడు తడిగుడ్డ పిండుతోంది.

మర్నాడు పొద్దున ఆరింటికి, మూతపడ్డ ఒక గోడౌను ముందున్న సిమెంటు చదును మీద, తుంటరి సున్నంతో ఎనిమిది అంకె గీశాడు. షాపులో ఉన్న పాత బండి ఒకటి బావకిచ్చాడు. బావ ఎక్కాడు. నిటారుగా, పెళ్లికొడుకు ఫోటో దిగుతున్నట్టు కూర్చున్నాడు. గేరు వేశాడు, కదిలాడు. మొదటి గుండ్రం సగం దాకా బానే వచ్చింది. బాగా వంపు తిరగాల్సిన చోట బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒరిగింది. బావ కాలు పెట్టేశాడు.

"పెట్రోలు రావట్లేదురా," అన్నాడు బావ.

తుంటరి చూశాడు. పెట్రోలు వస్తోంది. మళ్లీ ఎక్కించాడు. అదే వంపులో మళ్లీ ఆగింది. మూడోసారి, నాలుగోసారి, పదోసారి, అదే చోట. ఆ రోజే కార్బురేటరు విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు, ఇంకో బండి తెచ్చి ఇచ్చాడు. ఆ ఇంకో బండి కూడా అదే వంపులో ఆగింది.

రెండో రోజు పొద్దున తుంటరి విసుగొచ్చి, సున్నం గీత పక్కనే నేల మీద పొట్ట ఆనించి పడుకుని చూశాడు. అప్పుడు కనబడింది.

బావ కుడిచెయ్యి బొటనవేలు. వంపు దగ్గర పడేసరికి ఆ వేలు తనంతట తాను మెల్లగా పైకి పాకి, హ్యాండిల్ మీదున్న ఎర్ర స్విచ్చి నొక్కేస్తోంది. అది నొక్కితే ఇంజన్ చచ్చిపోతుంది. బావ కళ్లు ముందుకే చూస్తున్నాయి. వేలు సంగతి ఆయనకి తెలియనే తెలియదు.

తుంటరి లేచి దుమ్ము దులుపుకున్నాడు. "బావా, ఇంజన్ నువ్వే ఆపేస్తున్నావు."

"నేనా?"

"నువ్వే. ఎర్ర స్విచ్చి నొక్కుతున్నావు."

బావ తన బొటనవేలు వైపు పరాయివాళ్ల పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. చాలాసేపటికి అర్థమైంది. లిఫ్టు పెట్టె మీదకి ఎక్కేముందు ఎర్ర మీట నొక్కాలి. చప్పుడు తేడాగా వస్తే ఎర్ర మీట. కాలు జారినట్టనిపిస్తే ఎర్ర మీట. ఏ కాస్త అనుమానమొచ్చినా ముందు అది నొక్కి, ఆ తర్వాతే ఆలోచించాలి. ఆ పనిలో చేరినవాళ్లకి మొదటిరోజు నేర్పేది అదే. ఇరవై ఆరేళ్లు దాని పుణ్యాన ఒంటి మీద గీత పడకుండా బతికాడు. ఇప్పుడు బండి ఒరగగానే ఒళ్లు "అనుమానం" అంటోంది, వేలు తన డ్యూటీ చేసేస్తోంది.

"ఇంకేముంది, తెలిసిందిగా. నొక్కకు," అన్నాడు తుంటరి తేలిగ్గా.

తెలిశాక ఇంకా పాడైంది. బావ దారి చూడ్డం మానేసి వేలు చూడ్డం మొదలుపెట్టాడు. వేలు చూస్తే బండి గోడ మీదకి పోతోంది. గుడ్డపీలికతో వేలు కట్టేసి చూశారు, అప్పుడు చెయ్యి తిరగదు. చివరికి బావ బండి దిగి, గోడౌను మెట్టు మీద కూర్చుని, మోకాళ్లు రాసుకుంటూ అన్నాడు: "ఆ నిచ్చెనలు ఎక్కలేనురా నేను. ఎక్కలేనని మీ అక్కకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

తుంటరి ఏదో ఒక వెటకారం ఆడబోయి మానుకుని, బండి తోసుకుంటూ షాపుకి పోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో వాడికి ఒక ఆలోచన తట్టింది. ఎంత చక్కటి ఆలోచన అంటే, ఒక్కడే నవ్వుకుని పక్కన టీ కొట్టు ఆయనకి కూడా చెప్పి నవ్వించాడు. మర్నాడు తెల్లవారుజామునే షాపుకెళ్లి బండి ముందు లైటు విప్పాడు. దాని వెనకాల ఎర్ర స్విచ్చికి పోయే రెండు తీగలు పట్టుకుని, రెంటినీ కలిపేసి, నల్ల టేపు చుట్టి, లైటు మళ్లీ బిగించేశాడు. ఇప్పుడు ఎర్ర స్విచ్చి ఉత్త బొమ్మ. ఎంత నొక్కినా ఇంజన్ ఆగదు.

"కార్బురేటరు మార్చేశా బావా. ఇవాళ వేలు సంగతి మరిచిపోయి దారి చూసి తోలు," అన్నాడు మూడో రోజు పొద్దున.

బావ ఎక్కాడు. వంపు వచ్చింది. వేలు పాకింది. నొక్కింది. బండి ఆగలేదు. బావ ఒరిగి, లేచి, ఆ వంపు దాటేశాడు. రెండో గుండ్రం కూడా దాటేశాడు. పూర్తి ఎనిమిది. మళ్లీ ఇంకొకటి. ఎనిమిదులు మొత్తం ఇరవై వేశాడు. ఇరవయ్యోది అయ్యాక ఇంజన్ ఆపకుండానే స్టాండు వేసి, బండి దిగి తుంటరి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. కళ్లల్లో నీళ్లు.

"నొక్కట్లేదురా! వేలు మాట వింటోంది!"

"వింటుంది మరి. ఎవరు నేర్పారు?" అన్నాడు తుంటరి. లోపల మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ రోజు నుంచి బండి ఇంటి కింద పార్కింగులోనే పెట్టుకుంటానన్నాడు బావ. తనే తుడుచుకుంటాడట. కొత్త దూడని తోలుకెళ్లినట్టు తోలుకెళ్లాడు.

తుంటరి నవ్వు సరిగ్గా ఒక్క రోజు బతికింది.

నాలుగో రోజు ప్రాక్టీసయ్యాక ఇద్దరూ మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నారు. బావ ఎండలో మెరుస్తున్న బండిని చూస్తూ, అడక్కుండానే ఒక సంగతి ఎత్తాడు.

"మా దగ్గర పొడుగోడని ఒకడుండేవాడు. నా పక్క రూటు. మంచి పనివాడు. లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప పెట్టె కదలకూడదు, తెలుసుగా? దానికో చిన్న స్విచ్చి ఉంటుంది. ఒకచోట అది మాటిమాటికీ మొరాయిస్తోందని ఇంకొకడు దాని తీగలు రెండూ కలిపేసి టేపు చుట్టాడు."

తుంటరి గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"సాయంత్రం తీసేద్దామనుకున్నాడట. తియ్యలేదు. మర్నాడు పొడుగోడు తలుపు సందులో చెయ్యి పెట్టి నూనె రాస్తున్నాడు. తలుపు తెరిచే ఉంది కదా, కదలదని ధీమా. పైనెవరో బటన్ నొక్కారు."

"చెయ్యి...?"

"చెయ్యుంది. వేళ్లు లేవు." బావ టీ ఊదుకున్నాడు. "తీగలు కలిపినవాడు నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికొచ్చి పొడుగోడికి పళ్లు ఒలిచి పెట్టాడు కానీ నోరు విప్పలేదు. కలపడం ఎంత తప్పో చెప్పకపోవడం అంతకంటే తప్పురా. మా పనిలో దాన్ని మించిన పాపం లేదు."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు ఇదంతా?"

"ఊరికే. గుర్తొచ్చింది." బావ గ్లాసు కింద పెట్టి వాడి వైపు చూశాడు. "ఏం, టీ చేదుగా ఉందా?"

"బానే ఉంది," అన్నాడు తుంటరి.

ఆ రోజు నుంచి వాడికి అన్నం సయించలేదు. బండ్ల పని చేసేవాడు కనుక, భయపడాల్సిందేమిటో ఇతరుల కంటే వాడికే బాగా తెలుసు. అది పాత బండి. పాత బండికి ఎప్పుడో ఒకప్పుడు యాక్సిలేటరు తీగ ఇరుక్కుంటుంది. చెయ్యి వదిలినా ఇంజన్ అరుస్తూ దూసుకుపోతుంది. అప్పుడు మనిషిని కాపాడేది ఆ ఎర్ర స్విచ్చి ఒక్కటే. బావ వేలు కచ్చితంగా దాని మీదకే పోతుంది. లోకంలో అందరికంటే ముందు పోతుంది. నొక్కుతుంది. ఏమీ జరగదు.

సరే, తీగలు విడదీసేద్దాం. విడదీస్తే? వేలు మళ్లీ పాకుతుంది, ఇంజన్ ఆగుతుంది, బావ కాలు పెడతాడు, టెస్టు పోతుంది, నిచ్చెన ఎక్కాల్సొస్తుంది. చెప్పేద్దాం. చెప్తే? మొన్న భుజాలు పట్టుకుని కుదిపిన మనిషి ముఖం ఏమవుతుంది? వేలు మాట వినడం నిజం కాదని తెలిశాక మళ్లీ బండెక్కుతాడా?

"బావా, బండి ఒక పూట షాపులో వదిలెయ్యి. సర్వీసు చేస్తా."

"ఎందుకురా? చక్కగా నడుస్తోంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, నువ్వు కూడా."

"ఒక్కసారి యాక్సిలేటరు తీగకి నూనె..."

"నేనే పోశా. ఇరవై ఆరేళ్లుగా నూనె పోస్తున్నా, నాకు రాదనుకున్నావా?"

ఏడో రోజు బావ ఎనిమిది వేస్తుండగా మధ్యలో బండి ఠక్కున ఆగిపోయింది. తుంటరి గుండె కూడా దాంతోపాటు ఆగింది. "ఏమైంది?" అని పరిగెత్తాడు.

"క్లచ్చు తొందరగా వదిలేశా," అన్నాడు బావ తాపీగా. మళ్లీ స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

షాపులో తుంటరి మాట పలుకు తగ్గిపోయింది. ఎదురు షాపువాడి కుర్చీకి జిగురు రాయాల్సిన రోజులు వచ్చాయి, పోయాయి. టీ కొట్టాయన "ఏంటి, ఇంకా మా పంచదార డబ్బాలో ఉప్పు పడలేదేం?" అని వాడికే గుర్తుచెయ్యాల్సి వచ్చింది. వాడు నవ్వలేదు. అక్క ఇంటికి వెళ్తే కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టినట్టు కెలికేవాడు.

"ఏరా, వంట బాలేదా?" అంది అక్క.

"బావుంది."

"ఉప్పెక్కువైంది. నేనే వేశా, చూద్దామని. నువ్వు ఒక్క మాట అనలేదు." అక్క వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. ఆవిడ ముఖంలో దిగులు మాత్రం తగ్గలేదు.

టెస్టుకి ముందు రోజు సాయంత్రం తుంటరి గట్టిగా నిర్ణయించుకుని వెళ్లాడు. చెప్పేస్తాడు. ఏమైతే అదైంది. తలుపు తీసేసరికి బావ కాళ్లు చాపుకుని మోకాళ్లకి మందు రాసుకుంటున్నాడు. పక్కన బల్ల మీద కంపెనీ కాగితం, దాని పక్కన టెస్టు కాగితం, కదలకుండా రెంటి మీదా ఒక స్పానరు. ఇస్త్రీ చేసిన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. అక్క ఆ చొక్కా గుండీలు ఒక్కొక్కటే లాగి చూస్తోంది, ఏదైనా ఊడిపోతుందేమోనని.

"రా రా," అన్నాడు బావ. "రేపు పొద్దున ఏడింటికి. ఈసారి నాకు నమ్మకముంది."

తుంటరి నిలబడే ఉన్నాడు.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?" అన్నాడు బావ, మందు డబ్బా మూత మెల్లగా తిప్పుతూ.

అక్క గుండీ వదిలి తమ్ముడి వైపు చూసింది.

"ఏం లేదు," అన్నాడు తుంటరి. "బాగా పడుకో అని చెప్దామని."

"ఓహో," అన్నాడు బావ.

మర్నాడు టెస్టు గ్రౌండులో జనం బానే ఉన్నారు. నేల మీద పసుపు రంగుతో పెద్ద ఎనిమిది. గీతల పక్కన రబ్బరు గుంజలు. నంబరు చీటీ పట్టుకుని బండ్ల మీద వరసగా కూర్చున్నవాళ్లలో ఒక్కడు కూడా పక్కవాడితో మాట్లాడ్డం లేదు. బావది పన్నెండో నంబరు. తుంటరి జేబులో స్క్రూడ్రైవరు ఉంది. రాత్రంతా దాని గురించే ఆలోచించాడు. బావని ఏదో వంకతో పక్కకి పంపి, తీగలు విడదీసి, నల్ల టేపు వేరువేరుగా చుట్టేస్తాడు. ఆ తర్వాత దేవుడి దయ, బావ వేలి దయ.

అప్పుడే చూశాడు. ఇన్‌స్పెక్టరు ప్రతి బండినీ గీత మీదకి వదిలే ముందు నిలబెట్టి అడుగుతున్నాడు: "హారను. బ్రేకు లైటు. ఎర్ర స్విచ్చి." స్విచ్చి నొక్కితే ఇంజన్ ఆగాలి. నాలుగో నంబరువాడి బండి ఆగలేదు. ఇన్‌స్పెక్టరు తలెత్తకుండానే వాడి కాగితం మీద గీత కొట్టేశాడు. "బండి బాగుచేయించుకుని మళ్లీ రా." వాడు ఏదో బతిమాలాడు. ఐదో నంబరుని పిలిచేశారు.

తుంటరి బావ దగ్గరికి పరిగెత్తాడు.

"బావా, ఆ కిటికీ దగ్గర ఏదో సంతకం పెట్టాలంటున్నారు, వెళ్లు."

బావ బండి దిగి వెళ్లాడు. తుంటరి ముందు లైటు దగ్గర కూర్చుని స్క్రూడ్రైవరు తీశాడు. మొదటి స్క్రూ రెండు చుట్లు తిరిగిందో లేదో, భుజం మీద చెయ్యి పడింది. ఆఫీసు అటెండరు.

"ఏయ్, ఏం విప్పుతున్నావు? గేటు లోపలికొచ్చాక బండి మీద చెయ్యి వెయ్యకూడదు. తెచ్చినదాన్ని తెచ్చినట్టే చూపించాలి. మళ్లీ చూశానంటే నంబరే కొట్టించేస్తా."

"స్క్రూ వదులైతే..."

"లే."

తుంటరి లేచాడు. బావ తిరిగొచ్చాడు. "సంతకం ఏమీ లేదటరా," అని మళ్లీ బండెక్కి కూర్చున్నాడు. ఎనిమిదో నంబరు వెళ్లింది. తొమ్మిది. పదో నంబరు పిల్ల కాలు పెట్టేసి, బండి తోసుకుంటూ బయటికొచ్చింది. హెల్మెట్టు లోపలే ఏడుస్తోంది.

"బావా," అన్నాడు తుంటరి.

"ఊఁ."

"ఆ స్విచ్చి పనిచెయ్యదు. తీగలు నేనే కలిపేశా. నీ వేలు మారలేదు బావా, బండి మారింది. నన్ను కొట్టు, అక్కకి చెప్పు, ఏమైనా చెయ్యి, లోపలికి మాత్రం వెళ్లకు. ఆయన నొక్కమంటాడు, అది ఆగదు, నీ కాగితం కొట్టేస్తాడు. వెళ్లకపోతే రోజు మార్చమని అడుక్కోవచ్చు. నేను కాళ్లు పట్టుకుంటా ఆయనవి."

ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెప్పాక వాడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ హెల్మెట్టు అద్దం పైకెత్తి వాడి ముఖంలోకి చూశాడు. కోపం లేదు, ఏమీ లేదు. లిఫ్టు తలుపు మూసుకునే ముందు చూసే చూపు.

"ఎప్పుడు కలిపావు?"

"పదకొండు రోజులైంది."

"ఓహో."

"పన్నెండు!" అని అరిచారు.

"బావా, వద్దు..."

"పక్కకి జరుగు. కాలి మీద ఎక్కుతుంది," అన్నాడు బావ. అద్దం దించేసుకుని ముందుకి కదిలిపోయాడు.

తుంటరి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఇటు తిరగలేడు, అటు తిరగలేడు. అక్క పిండుతున్న తడిగుడ్డ, నిచ్చెన, పొడుగోడి వేళ్లు, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు గొంతు వినబడింది. "హారను." మోగింది. "బ్రేకు లైటు." వెలిగింది.

"ఎర్ర స్విచ్చి."

తుంటరి కళ్లు మూసుకున్నాడు.

ఇంజన్ ఆగింది.

కళ్లు తెరిచాడు. ఆగింది. నిజంగానే ఆగింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపాడు. బావ మళ్లీ స్టార్టు చేసి పసుపు గీతలోకి వెళ్లాడు. తుంటరి బొటనవేలినే చూస్తున్నాడు. ఇప్పుడు స్విచ్చి బతికే ఉంది, నొక్కితే అయిపోయినట్టే. వంపు దగ్గర పడింది. వేలు కదిలింది. కొంచెం లేచింది. గాల్లో ఒక్క క్షణం నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్లి హ్యాండిల్ మీద పడుకుంది. బావ ఒరిగాడు, తిరిగాడు, రెండో గుండ్రంలోకి జారాడు, బయటికొచ్చాడు. కాలు నేల చూడలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద టిక్కు పెట్టి, "పదమూడు" అన్నాడు.

గేటు బయట గోడ నీడలో బావ బండి ఆపాడు. ఎర్ర స్విచ్చితోనే ఆపాడు. టిక్కు పెట్టిన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ వేసి, దాని మీద రెండుసార్లు తట్టుకున్నాడు. ఆ తర్వాతే తుంటరి వైపు తిరిగాడు.

"ఎలా?" అన్నాడు తుంటరి.

"నువ్వు కలిపిన రోజే ఇంటికెళ్లి బండి ఆపబోయా. నేను బండి ఆపేది దీంతోనే కదరా, తాళంతో నాకెప్పుడు అలవాటు? నొక్కితే ఆగలేదు. లైటు విప్పి చూశా. నల్ల టేపు." బావ తల ఆడించాడు. "చుట్టడమన్నా నీట్‌గా చుట్టలేదు. అప్పుడే విడదీసేశా."

"అప్పుడేనా! మరి ఈ పదకొండు రోజులూ..."

"స్విచ్చి బతికే ఉంది. నీ ముందు మాత్రం తాళంతో ఆపా."

"మరి నీ వేలు?"

బావ బొటనవేలు పైకెత్తి చూసుకున్నాడు. "ఆ పొద్దున నేను ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు. ఒక్కసారీ బండి ఆగలేదు, ఒక్కసారీ నేను పడలేదు. టేపు చూశాక అదే అనుకున్నా, నొక్కినా నొక్కకపోయినా నేను పడట్లేదు కదా అని. ఆ తర్వాత నువ్వు లేనప్పుడు నాలుగైదుసార్లు నొక్కి ఉంటా. ఏడో రోజు నువ్వు చూశావుగా."

"క్లచ్చన్నావు!"

"అన్నా."

"పొడుగోడి సంగతి..."

"అది నిజమే. నీకోసమే చెప్పా. టీ అయ్యేలోపు ఒప్పుకుంటావనుకున్నా. నిన్న సాయంత్రం నోటిదాకా అందించా. ఉహూఁ. ఇవాళ పదో నంబరు దాకా ఆగావు."

"మరి ఎప్పుడు కలిపావని అడిగావెందుకు, అంతా తెలిసి?"

"ఒప్పుకున్నాక రోజులు తగ్గించి చెప్తావేమోనని." బావ హెల్మెట్టు మళ్లీ పెట్టుకుని బండెక్కాడు. "తగ్గించలేదు. బతికిపోయావు. ఎక్కు వెనకాల, ఆలస్యమవుతోంది."

తుంటరి ఎక్కి కూర్చున్నాడు. "ఇంటికేగా?"

"ఇంటికి కాదు, డాక్టరు దగ్గరికి. పది గంటలకి మీ అక్క నీ పేరు రాయించింది. పదకొండు రోజులుగా నువ్వు ఒక్కణ్ణి కూడా ఏడిపించలేదట, నీకేదో పెద్ద జబ్బే చేసిందని ఒకటే ఏడుపు. నాకు సంగతి తెలుసు కానీ, నువ్వే చెప్పుకుంటావులే అని నేనూ ఊరుకున్నా."

"బావా, నాకేం లేదు బావా!"

"ఆ ముక్క సూదయ్యాక చెప్పు," అని బావ గేరు వేశాడు.